లైన్ పిలిచేవాడు

ఫిబ్రవరి 4

పొడుగు మీద నాకు అనుమానంగా ఉంది.

ఈ ముక్క ఇంట్లో అంటే నవ్వుతారు, డ్రెస్సింగ్ రూములో అంటే గొడవవుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున ప్రాక్టీసులో నేను పైకి అని అరిచాను. ఆ కేక వినగానే డిఫెన్స్ నలుగురం ఒక్క ఊపున ముందుకు జరగాలి, నలుగురి నడుములకూ ఒకే తాడు కట్టినట్టు. అప్పుడు అవతలి ఫార్వర్డ్ మా వెనక ఒంటరిగా మిగిలిపోతాడు. వాడికి బంతి వేసీ వెయ్యగానే ఆఫ్‌సైడ్ జెండా లేస్తుంది. మేము ఏమీ ఎరగనట్టు షార్ట్స్ దులుపుకుంటాం. కానీ నలుగురిలో ఒక్కడు వెనక ఉండిపోయినా ఉచ్చు మొత్తం ఊడిపోతుంది. ఆ కేక వెయ్యడాన్ని మేము లైన్ పిలవడం అంటాం. ఈ జట్టులో ఎన్నో ఏళ్ళుగా ఆ పని నాది.

ఇవాళ పొడుగు వెనక ఉండిపోయాడు. ఎంతో కాదు, చిన్న అడుగు. మామూలు కంటికి ఆనదు. నా కంటికి ఆనింది.

పొడుగంటే నా పక్కన, డిఫెన్స్ నడిమధ్యలో ఆడే స్టాపర్. తలుపు దాటేటప్పుడు తల వంచడం అలవాటై, గ్రౌండులోకి వచ్చేటప్పుడు ఆకాశం కింద కూడా వంచుతాడు. నన్ను అన్నా అంటాడు. మిగతా జట్టంతా తాత అంటుంది. నాకు ముప్ఫై ఎనిమిది. బయటి లోకంలో నా వయసువాణ్ణి ఏరా అబ్బాయ్ అని పిలిచే బాబాయిలు ఇంకా బతికే ఉన్నారు. గ్రౌండులో మాత్రం నేను మ్యూజియం సరుకు.

ఫిబ్రవరి 7

మా బావమరిదే నాకు ఏజెంట్. ఈ రెండు ఉద్యోగాలూ ఒకే మనిషికి ఇవ్వకూడదని ఎవరూ ముందుగా చెప్పలేదు.

వచ్చి సోఫాలో కూలబడి, బావా, ఒక వార్త అన్నాడు. వచ్చే సీజన్‌కి బయటినుంచి కొత్త స్టాపర్ వస్తున్నాడట. నువ్వూ పొడుగూ ఇద్దరి కాంట్రాక్టులూ మే నెలాఖరుకి అయిపోతాయి, ఇద్దరిలో ఒక్కణ్ణే ఉంచుకుంటారు అన్నాడు. నిన్ను పంపిస్తే నీకిక వేరే క్లబ్బు దొరకదు బావా, ఉన్నమాట చెప్పాలి కదా అన్నాడు. ఉన్నమాట చెప్పేటప్పుడు అతని ముఖం పెళ్ళికొడుకులా వెలిగిపోతుంది.

పొడుగు సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. చటుక్కున లేచి నిలబడ్డాడు. చూశావా మరి! నువ్వు పిలిస్తే లైన్ కదలట్లేదంటే ఎవడి పరువు పోతుంది, నీదే కదా, తాత గొంతు అయిపోయిందంటారు, వాడు చూడ్డానికి అమాయకుడు బావా, లోపల పెద్ద కంత్రీ అన్నాడు.

మా ఆవిడ వంటింట్లోంచి, ఇద్దరికీ ఒక్క మెదడు కూడా సరిగ్గా పంచలేదు దేవుడు అంది. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని పరాయివాళ్ళ ప్రాణాలు కాపాడి వస్తుంది కాబట్టి ఇంట్లో ఎంత గోల జరిగినా చలించదు.

ఫిబ్రవరి 10

డిఫెండర్ అవుదామని ఎవడూ పుట్టడు. నేను మొదటిసారి సెలెక్షన్‌కు వెళ్ళిన రోజు బస్సు తప్పిపోయింది. చేరేసరికి గోల్స్ కొట్టే చోట్లన్నీ నిండిపోయాయి. వెనక ఒక ఖాళీ ఉంటే అక్కడ నిలబడమన్నారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పేపర్లో నా ఫోటోలు బోలెడు వచ్చాయి. అన్నిట్లోనూ ఎవడో గోల్ కొట్టి చేతులు చాపి పరిగెడుతుంటాడు, వెనక గడ్డి మీద ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఆ మనిషిని నేను.

చదువు కూడా ఇలాగే దొరికినచోట దొరికినంత. స్కూలు మానేశాక నా కాలేజీ టీమ్ బస్సు కిటికీ సీటు. పాత పుస్తకాల కొట్లో ఒక విజ్ఞాన సర్వస్వం దొరికింది గానీ మొదటి సంపుటం లేదు. దాంతో ఏనుగు మొదలుకుని లోకంలో ఉన్నవన్నీ నాకు కొద్దోగొప్పో తెలుసు. ఏనుగుకు ముందువి తెలియవు. అనుమానం గురించి పెద్దలు ఏం రాశారో చూద్దామంటే అది ఆ పోయిన సంపుటంలో పడింది.

గుడ్లగూబ గురించి మాత్రం వివరంగా ఉంది. ఒళ్ళు కదపకుండా తల వెనక్కి తిప్పేస్తుందట. స్టాపర్‌కి అంతకు మించిన వరం ఏముంటుంది. నాకు ఈమధ్య తల ముందు తిరుగుతోంది, నడుము తరవాత తీరిగ్గా వస్తోంది.

ఫిబ్రవరి 12

పొడుగూ కీపరూ మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్ళగానే ఆపి, వాతావరణం గురించి మొదలుపెట్టారు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు వాతావరణం గురించి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఫిబ్రవరి 14

పరీక్ష పెట్టాను. ఇవాళ కేక మానేసి, చెయ్యి పైకెత్తితే అదే పైకి అని నలుగురికీ చెప్పాను. చెవుల లోపమైతే తెలిసిపోతుంది కదా. చెయ్యెత్తాను. రైట్ బ్యాక్ కదిలాడు, లెఫ్ట్ బ్యాక్ కదిలాడు. పొడుగు నా చెయ్యి చూశాడు, తరవాత నా వెనక ఖాళీని చూశాడు, తరవాత అక్కడే ఉండిపోయాడు.

ఏరా, కనపడలేదా అన్నాను. ఎండ పడింది అన్నా అన్నాడు. ఆకాశం నిండా మబ్బులు.

ఫిబ్రవరి 18

మసాజ్ చేసే ఆయన ఈ క్లబ్బులో అందరి తొడలూ ఎరుగున్నవాడు. తొడ పిసుకుతుంటే మనిషి నోరు దానంతటదే తెరుచుకుంటుంది కాబట్టి అందరి గుట్లూ ఎరుగున్నవాడు కూడా. బోర్లా పడుకుని, పొడుగు నా గురించి ఏమైనా అంటున్నాడా అని అడిగాను. ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. తాతగారూ, మీ తుంటి రాయిలా ఉంది, దాని సంగతి చూసుకోండి ముందు అన్నాడు. నేను అడిగింది తుంటి గురించా?

ఈయన కూడా వాళ్ళలోనే ఉన్నాడు.

ఫిబ్రవరి 24

ఓడిపోయాం. నేను పైకి అని అరిచాను. అరుపు గ్యాలరీ చివరిదాకా వినపడిందట. మేం ముగ్గురం కదిలాం, పొడుగు ఉండిపోయాడు, వాళ్ళ ఫార్వర్డ్ పొడుగు చాటున ఆన్‌సైడ్‌లో నిలబడి నింపాదిగా గోల్ కొట్టుకున్నాడు. ఇంటర్వ్యూలో నన్నే అడిగారు, మీ డిఫెన్స్‌కు ఏమైందని. నవ్వాను. ఆ నవ్వు టీవీలో చూసి మా ఆవిడ, పన్ను పీకించుకున్నట్టు ఉంది అంది.

మార్చి 1

చెప్పేశాను.

రెండు రాత్రులు కూర్చుని పొడుగు వెనక ఉండిపోయిన క్లిప్పులన్నీ మా బావమరిది ఏరాడు. అతను జీవితంలో మనసుపెట్టి చేసిన పని ఇదొక్కటే. వాటిని తీసుకుని కోచ్ గదికి వెళ్ళాను. కోచ్ నాకంటే ఏడాది చిన్న. ఒకప్పుడు అవతలి జట్లో ఆడుతూ నా మోచేతి దెబ్బలు తిన్నవాడు. ఇప్పుడు నన్ను పెద్దాయనా అంటాడు, అందులో గౌరవం ఎంతో కసి ఎంతో విడదీయలేం.

చూశాడు. మళ్ళీ చూశాడు. నాకూ ఎప్పట్నుంచో అనుమానంగానే ఉంది పెద్దాయనా అన్నాడు. ఈ మాట నాకు బోలెడంత హాయినిచ్చింది. తలుపు మూసి వస్తుంటే వరండాలో పొడుగు ఎదురుపడి, బాగున్నావా అన్నా, తుంటి ఎలా ఉంది అన్నాడు. తుంటి మీద వీళ్ళందరికీ ఎందుకింత ప్రేమ?

మార్చి 4

టీమ్ మీటింగ్. గోడ మీద పెద్ద తెర. ప్రతి క్లిప్పులోనూ పొడుగు చుట్టూ ఎర్ర సున్నా. కోచ్ అందరి ముందూ, నీకు చెవులున్నాయా, ఉంటే అవి దేనికి, కళ్ళజోడు పెట్టుకోవడానికా అని కడిగేశాడు. కుర్రాళ్ళు నవ్వారు. పొడుగు తల వంచుకుని, సారీ సర్ అన్నాడు. అంతే. సాకు చెప్పలేదు. కీపర్ ఏదో అనబోతే పొడుగు వాడి కాలు తొక్కడం చూశాను.

తప్పు చేసినవాడే నోరు మూసుకుంటాడు.

మార్చి 5

అయినా ఆ కాలు ఎందుకు తొక్కాడు?

ఏప్రిల్ 2

కోచ్ పిలిచి తలుపు వేశాడు. ఇంకా బయటికి చెప్పొద్దు పెద్దాయనా, మిమ్మల్ని ఉంచుతున్నాం, పొడుగును పంపేస్తున్నాం అన్నాడు. లైన్ పాటించని స్టాపర్‌ని ఏ క్లబ్బూ తీసుకోదు, వాడు కింది డివిజన్లో ఏదైనా వెతుక్కోవాలి అన్నాడు.

కావలసింది వచ్చింది. బావమరిదికి ఫోన్ చేస్తే అవతల ఈలలు వేశాడు. మెట్లు దిగుతుంటే మాత్రం నా జేబులో ఎవరిదో వస్తువు ఉన్నట్టు అనిపించింది.

ఏప్రిల్ 3, మధ్యాహ్నం

బావమరిది క్లిప్పులు తెచ్చి టీవీలో పెట్టాడు, విజయోత్సవంలా. మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో ఒక మ్యాచ్‌కు వచ్చి, బంతి నా దగ్గరికి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంది. అప్పట్నుంచి ఆట చూడదు. ఇవాళ క్లాసులు లేక, ఉతికిన బట్టలు మడత పెడుతూ చూసింది.

రెండు మూడు క్లిప్పులయ్యాక, ఆ పొడుగబ్బాయి ఎప్పుడూ ఇంతేనా అంది. ఎప్పుడూ ఇంతే వదినా... కాదు అక్కా, అన్నాడు మావాడు, సంతోషంలో వరస కూడా మర్చిపోయి. మొత్తం మ్యాచ్ పెట్టు అంది. పెట్టాం. కాసేపు చూసి చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది.

చూడండి, వేగంగా పరిగెత్తేవాడు మీ వైపు ఉంటేనే వెనక ఉంటున్నాడు, వాడు అటు పక్కకు పోతే ఈ అబ్బాయి మీతో సమంగా పైకి వస్తున్నాడు అంది. నేను నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా అంది. నేర్చుకునేవాడికి తెలియకుండా నేను దాని మీద కాలు ఉంచుతాను, వాడు అంతా తనే నడిపాననుకుని దిగి వెళ్ళి ఇంట్లో గొప్పలు చెప్పుకుంటాడు, ఈ అబ్బాయి మీ కోసం బ్రేకు మీద కాలు పెట్టుకుని ఆడుతున్నాడండీ అంది.

నేనేమన్నా కొత్తగా నేర్చుకునేవాణ్ణా అన్నాను.

ఆవిడ ఒకచోట ఆపి చూపించింది. నేను వెనక్కి తిరగడం మొదలుపెట్టాను. వాళ్ళ ఫార్వర్డ్ నన్ను దాటేశాడు. నేను ఇంకా తిరుగుతూనే ఉన్నాను, ఇరుకు సందులో లారీ తిప్పినట్టు. ఎక్కణ్ణుంచో ఒక పొడుగాటి కాలు వచ్చి బంతి తన్నేసింది. ఆ మ్యాచ్ నాకు గుర్తుంది. ఆ రోజు నేను బాగా ఆడానని పేపర్లో రాశారు.

బావమరిది, ఇది ఎడిటింగ్ అయ్యుండొచ్చు బావా అన్నాడు.

ఏప్రిల్ 6

పొడుగును కార్ పార్కింగులో పట్టుకున్నాను. ఎప్పట్నుంచిరా అన్నాను. ఏది అన్నా అన్నాడు. నాటకాలొద్దు అన్నాను. కారు టైరు వంక చూస్తూ, ఈ సీజన్ మొదట్నుంచి అన్నాడు. కీపర్‌కి తెలుసట. మసాజ్ ఆయనకి తెలుసట. రైట్ బ్యాక్‌కి తెలుసట. తెలియంది కోచ్‌కీ నాకూ.

నన్ను కాపాడటానికి నువ్వెవడివిరా అని అరిచాను. పైకి అని అరిచినంత గట్టిగా. ద్రోహమైతే ఓర్చుకునేవాణ్ణి. జాలి అనేసరికి ఒళ్ళు మండిపోయింది.

జాలీ లేదు గీలీ లేదు, నా స్వార్థం నాది అన్నాడు. బంతి ఎక్కడికి వస్తుందో అది బయల్దేరక ముందే నీకు తెలుస్తుంది, నాకు వచ్చి మొహానికి తగిలాక తెలుస్తుంది అన్నా, నువ్వు పక్కన అరుస్తుంటే నేను స్టాపర్‌ని, నువ్వు లేకపోతే కరెంటు స్తంభాన్ని అన్నాడు. మరి మీటింగులో చెప్పొచ్చు కదరా అన్నాను. చెబితే అదే రోజు నిన్ను ఇంటికి పంపేవాళ్ళు కదా అన్నాడు.

ఆ క్లిప్పులు కోచ్‌కి ఇచ్చింది ఎవరో తెలుసా అన్నాను.

తెలుసన్నాడు. నీ బావమరిది కీపర్ దగ్గర గొప్పలు పోయాడు అన్నాడు.

ఏప్రిల్ 8

కోచ్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మీది మరీ మెత్తటి మనసు పెద్దాయనా అన్నాడు. చిన్నవాడి ఉద్యోగం పోతోందని ఇప్పుడు కథ అల్లుతున్నారు, క్లిప్పులు తెచ్చింది మీరే, కథ తెచ్చింది మీరే, నేను దేన్ని నమ్మాలి అన్నాడు. నేను తప్పు చెబితే నమ్మినవాడు నిజం చెబితే అనుమానిస్తున్నాడు.

చివరికి, ఆఖరి మ్యాచ్‌లో చూస్తాను, వాడు తొంభై నిమిషాలూ లైన్‌తో కదిలితే అప్పుడు ఆలోచిద్దాం అన్నాడు. తలుపు దగ్గర ఆపి, అప్పుడు మీ సంగతేమిటో కూడా చూస్తాను మరి అన్నాడు. ఆయనకు సగం అర్థమయిందని ఆ మాటతో తెలిసింది.

ఏప్రిల్ 9

బావమరిది మాట్లాడటం మానేశాడు. ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో.

మే 16

పొడుగు మొండికేశాడు. ఎన్నిసార్లు చెప్పినా ఒకటే మాట, నేను పైకి వస్తే నీ వెనక ఎవరున్నారన్నా. ఎవరూ లేరురా, ఉండనక్కర్లేదు, నీ పని నువ్వు చూసుకో అన్నాను. సరే అన్నాడు. ప్రాక్టీసులో మళ్ళీ ఉండిపోయాడు. వాడు సరే అనే తీరు చూస్తేనే తెలుస్తుంది, అదొట్టి తల ఊపడమని.

ఆదివారం ఆఖరి మ్యాచ్. అంచు వెంట పరిగెత్తే వాళ్ళ వింగర్‌ని అందరూ గుర్రం అంటారు. నా వైపే ఆడతాడు.

మే 18, మధ్యాహ్నం

గ్రౌండుకు బయల్దేరుతున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, ఏం చెయ్యబోతున్నారు అని అడిగింది. పూర్తిగా ఆడతాను, ఒక్క అడుగు కూడా దాచుకోను అన్నాను. ఒట్టా అంది. ఒట్టు అన్నాను. వాడి కోసం మీరు కావాలని ఓడిపోతే మాత్రం నేను మీ మొహం చూడను అంది.

పొడుగును పైకి రప్పించే దారి పొద్దున గడ్డం గీసుకుంటుంటే తట్టింది. లైన్ పిలిచేవాడు వెనక ఉండిపోలేడు. కేక వేసినవాడే మొదట కదలాలి. కదలకపోతే నలుగురికి బదులు ముగ్గురు కాదు, ఎవ్వరూ కదలరు. ఇన్నేళ్ళూ ఆ కేకను నేను ఆస్తిలా పట్టుకుని కూర్చున్నాను.

మే 18, సాయంత్రం

గ్రౌండులోకి వెళ్ళే సొరంగంలో బారులు తీరి నిలబడ్డప్పుడు పొడుగుకు చెప్పాను. ఇవాళ్టినుంచి లైన్ నువ్వే పిలుస్తావు. పొడుగు తెల్లబోయాడు. నాకు రాదన్నా అన్నాడు. నోరు తెరిచి పైకి అనడం రాదా, పొట్టివాళ్ళు కూడా అంటారు అన్నాను. కీపర్ వెనకనుంచి, తాత చెప్పింది చెయ్యరా అన్నాడు. కీపర్ కళ్ళు అదోలా ఉన్నాయి. నేను అటు చూడలేదు.

మొదట్లో వాడి గొంతు పెగల్లేదు. రెండోసారికి కొంచెం. హాఫ్‌టైముకు ముందు అరిచిన అరుపుకు లైన్స్‌మన్ కూడా ఉలిక్కిపడ్డాడు. నలుగురం కదిలాం, తాడు కట్టినట్టు. జెండా లేచింది. మళ్ళీ లేచింది. వాళ్ళ గుర్రం చేతులు తిప్పుతూ రెఫరీ మీద విసుక్కున్నాడు. పొడుగు నా వంక చూసి పళ్ళన్నీ బయటపెట్టాడు. నేను మొహం తిప్పుకున్నాను. వాడు ఇంత బాగా పిలుస్తాడని నాకు తెలియదు. వాడు స్తంభమేమీ కాదు. నా అరుపు లేకపోతే ఆడలేనన్నది కూడా నా కోసం చెప్పిన అబద్ధమేనేమో.

రావలసిన ఘడియ సెకండ్ హాఫ్‌లో వచ్చింది. పొడుగు పైకి అన్నాడు, కదిలాడు, మేమూ కదిలాం. గుర్రం తెలివైనవాడు, ఈసారి సరిగ్గా క్షణం ఆగి బయల్దేరాడు. జెండా లేవలేదు. బంతి నా నెత్తి మీదుగా పోయింది. నా వెనక ఎవరూ లేరు. నేను తిరిగాను. నేను తిరుగుతుండగానే అతని వీపు కనపడింది, తరవాత ఆ వీపు మీది నంబరు చిన్నదైపోయింది. పరిగెత్తాను. మూడో అడుగు దగ్గర వేగం తగ్గింది. గ్రౌండు మొత్తం నోరు మూసుకుని నన్ను చూస్తోందని తెలుస్తోంది. అది గోల్ కోసం మూసుకున్న నోరు కాదు.

కీపర్ ఏమీ చెయ్యలేకపోయాడు. అయినా మేమే గెలిచాం, రెండు ఒకటి. ఆ ఒకటి నాది.

చివర్లో కోచ్ పొడుగు భుజం తట్టడానికి మునివేళ్ళ మీద లేచాడు. నాకు చెయ్యి ఇచ్చాడు, రెండు చేతులతో. వయసైనవాళ్ళకు అలాగే ఇస్తారు.

మే 19

మా ఆవిడ నిన్న గ్యాలరీకి వచ్చిందట. కళ్ళు మూసుకోలేదట. మరి నా మొహం చూస్తావా అన్నాను. చూస్తున్నాను కదా అంది.

కానీ చాలాసేపు చూసింది.

మే 27

పొడుగును ఉంచుకున్నారు. నన్ను పంపించారు. బావమరిది వచ్చి, కనీసం కోచింగ్ ఉద్యోగమైనా అడగనా బావా అన్నాడు. పొడుగు ఫోన్ చేసి, ఆ రోజు పూర్తిగానే పరిగెత్తావు కదన్నా, నిజం చెప్పు అన్నాడు. పూర్తిగానే అన్నాను.

మే 31

ఇన్నాళ్ళూ అందరినీ అనుమానించాను. ఇప్పుడు ఒక్కడే మిగిలాడు. ఆ మ్యాచ్ వీడియో సొరుగులో ఉంది. మూడో అడుగు దగ్గర ఆపి చూస్తే తెలిసిపోతుంది, అది నా తుంటి ఆపిందా, నేను ఆపానా. సొరుగుకు తాళం వేసి, తాళంచెవి మా ఆవిడకు ఇచ్చాను. దేనికి అని ఆవిడ అడగలేదు.